నలభై ఎనిమిదో అధ్యాయం

"ఏమోయ్, చెయ్యి ఖాళీ అయ్యాక ఈ కాగితం కాస్త చూసిపెట్టు" అన్నారు మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి. నా చెయ్యి ఎప్పుడు ఖాళీ అవుతుందో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. గిన్నెలు తోముతూనే తలూపాను. తెల్ల కాగితాల కట్ట ఒకటి స్టవ్ పక్కన పెట్టి వెళ్లిపోయారు. ఆఫీసుల్లో జిరాక్స్‌కి వాడే రకం.

మా ఆయన కస్టమ్స్ ఏజెంటు. పైదేశాల నుంచి సరుకు తెప్పించుకునే వాళ్ల తరఫున రేవులో పత్రాలు దాఖలు చేస్తారు. ప్రతి సరుకుకీ సుంకాల పుస్తకంలో ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరును బట్టే సుంకం. ఆ నంబరు వెతికేది నేను. పెళ్లయిన రెండో ఏడు ఆయన జ్వరంతో మంచాన పడి, "ఒక్క వారం సాయం చెయ్యవోయ్" అన్నారు. ఆ వారం మొదలై ఇప్పటికి పదకొండేళ్లు. లైసెన్సు ఆయనది, బోర్డు మీద పేరు ఆయనది, "ఎలా పట్టేస్తారండీ బాబూ మీరు!" అన్న పొగడ్తా ఆయనదే. సొమ్మొకడిది సోకొకడిది అని లోపల అనుకుంటూ, అలా పొగిడే వాళ్లందరికీ టీ ఇచ్చేదాన్ని.

కాగితాలన్నీ ఆ పుస్తకంలో నలభై ఎనిమిదో అధ్యాయంలో ఉంటాయి. తెల్ల కాగితమంటే అంతా ఒకటే అనుకుంటారు గానీ, కాదు. బట్టలు కొలిచే టేపుతో పొడుగూ వెడల్పూ కొలిచాను. వంటింటి కాటా మీద పది కాగితాలు పెడితే యాభై గ్రాములు తూగాయి. అంతవరకూ ఎవరైనా చూస్తారు. అసలు సంగతి గుజ్జులో ఉంది. చెక్కను యంత్రంతో అరగదీసి తీసిన గుజ్జు నూటికి పదిపాళ్లు దాటితే ఒక నంబరు, దాటకపోతే ఇంకొకటి. దాటినదానికి సుంకం తక్కువ. ఆ రకం కాగితం ఎండ తగిలితే నాలుగు రోజుల్లో పచ్చబడుతుంది. ఒక కాగితాన్ని సగం అట్టతో కప్పి కిటికీలో పెట్టాను. వారమైనా అట్ట కింది సగానికీ ఎండ తగిలిన సగానికీ తేడా రాలేదు. పదిపాళ్లు దాటలేదని తేల్చి, నంబరు రాసి, ఆ నంబరే ఎందుకన్నది కింద నాలుగు వరుసల్లో రాసిచ్చాను. ఆ నాలుగు వరుసలూ రాసే పది నిమిషాలు నేను ఎవరి భార్యనూ కాను, ఎవరి కోడలినీ కాను. ఆ సుఖం గురించి ఎవరికైనా చెబితే నవ్వుతారు.

రెండు రోజుల తర్వాత ఆయన బల్ల తుడుస్తుంటే దాఖలు చేసిన పత్రం కనబడింది. అందులో ఉన్నది నా నంబరు కాదు, సుంకం తక్కువ పడేది. ఇదేమిటండీ అని అడిగాను.

"సరుకు తెప్పించినాయన మనకి పాతవాడు, కాస్త చూడమన్నాడు. నీకెందుకివన్నీ? పాలు పొంగుతున్నట్టున్నాయి, చూడు" అన్నారు.

నేను వెళ్లి పాలు చూశాను. ఇంకొక్క మాట కూడా అనకుండా వెళ్లాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నెల తిరక్కుండానే కస్టమ్స్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. వాళ్ల ల్యాబ్‌లో పరీక్షిస్తే ఆ కాగితంలో యంత్రపు గుజ్జు జాడే లేదట. తప్పు నంబరు ఎందుకు వేశారో శుక్రవారం వచ్చి చెప్పుకోవాలి, సరైన జవాబు లేకపోతే లైసెన్సు రద్దు. ఆయన రెండు రోజులు సరిగ్గా తినలేదు. మూడో రోజు నా పక్కన కూర్చుని, పెళ్లయిన కొత్తలో మాట్లాడినంత మెత్తగా మాట్లాడారు.

"ఒక ఉత్తరం రాసిస్తే చాలు. నంబరు నేనే చూశాను, తెలియక పొరపాటు పడ్డాను అని. ఇంట్లో ఆడమనిషి ఏదో సాయం చేయబోయిందంటే ఆఫీసరు కూడా నవ్వి వదిలేస్తాడు. నిన్నెవరేం చేస్తారు? నీకు లైసెన్సా, పాడా?"

"నేను రాసింది ఆ నంబరు కాదు కదండీ."

"ఏ నంబరైతే ఏమిటి? రోజూ చూసేది నువ్వేగా!"

పదకొండేళ్లలో ఆ మాట ఆయన నోట విన్నది అదే మొదటిసారి.

"మొగుడు వీధిన పడితే నువ్వు మాత్రం మేడలో ఉంటావా అమ్మాయ్? ఒక్క సంతకానికి అరిగిపోతావా?" అన్నారు పక్కగదిలోంచి అత్తయ్య. ఆవిడ మాటలో అబద్ధం లేదు. మా అందరి తిండీ ఆ లైసెన్సు మీదే. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. కానీ ఈ ఇంట్లో నాదంటూ ఉన్నది ఒక్కటే, నా చూపు తప్పదన్న నమ్మకం. ఎవరూ ఒప్పుకోకపోయినా అది నాకు తెలుసు. అది తప్పని నా చేత్తోనే సంతకం పెడితే, ఇక నాకు మిగిలేవి తోముకోవడానికి గిన్నెలే. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు, భయంతో కొంత, ఉక్రోషంతో కొంత.

ఉత్తరం చివరికి ఆయనే రాసుకొచ్చారు. పైన నా పేరు, ఇంటిపేరుతో సహా, గుండ్రటి అక్షరాల్లో. పదమూడేళ్ల కాపురంలో కరెంటు బిల్లు మీదకైనా ఎక్కని పేరు. మడిచి సంచిలో పెట్టుకున్నాను. "అక్కడే సంతకం పెడతాలెండి" అన్నాను.

శుక్రవారం ఆఫీసరు ముందు కూర్చున్నాం. పెద్దాయన. బల్ల మీద మా ఫైళ్లు దొంతరగా పెట్టుకుని ఉన్నాడు. మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"మా ఆవిడండీ. ఇంట్లో ఖాళీగానే ఉంటుంది కదా, సరదాపడితే ఈ ఒక్క ఫైలూ ఇచ్చాను. ఆడవాళ్లకి ఈ గుజ్జులూ గిజ్జులూ ఏం తెలుస్తాయండీ, నాదే బుద్ధి తక్కువ."

ఆఫీసరు పై ఫైలు పక్కకి తీసి, కిందివి ఒక్కొక్కటే తిరగేశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"మీవారి ఫైళ్లు పదకొండేళ్లుగా నా చేతి మీదుగానే వెళ్తున్నాయమ్మా. ఒక్కదాంట్లోనూ నంబరు తప్పలేదు. అయితే ఈ ఒక్కటీ మీరు చూశారన్నమాట?"

బల్ల కింద మా ఆయన కాలు నా కాలిని తాకింది. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. సంచి తెరవలేదు.

"కాదండీ, ఈ ఒక్కటీ ఆయన చూశారు. మిగిలినవన్నీ నేను చూసినవి" అన్నాను.