పూర్వానుభవం

"అనుభవం అని ఒక గడి ఉండాది మే. లేదు అని రాసేస్తాండా," అన్నాడు మా ఆయన మునికుమార్, కాగితం మీంచి తల ఎత్తకుండా.

నేను పొయ్యి దగ్గర సంగటి గెలుకుతున్నాను. సంగటి మధ్యలో వదిలితే ఉండ కడుతుంది, అందుకని తెడ్డు ఆపకుండానే సరే అన్నాను. పుత్తూరు బస్టాండు దగ్గర మా ఆయనకు జిరాక్సు షాపుంది. ఊళ్ళో సగంమంది దరఖాస్తులు ఆయనే నింపుతాడు. ఇది నా దరఖాస్తు. తిరుపతిలో ఒక పెద్దాసుపత్రికి అరవనాడు నుంచి, బయటి దేశాల నుంచి రోగులు వస్తారు. వాళ్ళకూ డాక్టర్లకూ మధ్య కూచుని మాట అటూ ఇటూ చేర్చే మనిషి కావాలట. శుక్రవారం పదకొండుకి ఇంటర్వ్యూ, దరఖాస్తు అప్పుడే చేతికివ్వాలి. మా పుట్టిల్లు అరవనాటి సరిహద్దున నగరి కాబట్టి అరవం పుట్టుకతోనే వచ్చింది. ఇంగ్లీషు మాత్రం కష్టపడి తెచ్చుకున్నాను.

ఇంతలో వసారాలోంచి మా మామ తిరుమలయ్య పిలిచాడు. "మోహనా, నా కండవ యాడ పెట్టిందో మీ అత్తను అడుగు."

అత్త ఆయనకు నాలుగు మూరల దూరంలో కూచుని శెనక్కాయలు ఒలుస్తోంది. "కండ్లు నెత్తిమీదుంటే యాడ కనిపిస్తాదని చెప్పు మీ మామకి."

"తీగ మీదుందంట మామా," అన్నాను.

వాళ్ళిద్దరూ పలకరించుకుని పద్నాలుగేళ్ళు. నేను కాపురానికొచ్చిన మర్నాడే ఇద్దరి మధ్యా నన్ను కూచోబెట్టారు. ఆయన కారం అడిగితే నేను ఆమెకు చెప్పాలి, ఆమె విసుక్కుంటే నేను తియ్యగా చేసి ఆయనకు అందించాలి. ఎందుకు మాట్లాడుకోరని పెళ్ళయిన కొత్తలో మా ఆయన్ని అడిగితే, "పాత పంతంలే, నువ్వు సర్దుకో," అన్నాడు. సర్దడమంటే నాకు చేతనైన పనే.

ఏడాదిపాటు ఆదివారాలు తిరుపతి పోయి అనువాదం, దుబాసీతనం నేర్పే డిప్లొమా చదివాను. పెళ్ళికి మానేసిన డిగ్రీని దూరవిద్యలో పూర్తిచేయడానికి పదేళ్ళు పట్టింది, కాబట్టి ఏడాది నాకొక లెక్క కాదు. ఇంగ్లీషులో శ్వాస ఏ అక్షరం దగ్గర బయటికి తోయాలో అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నేర్చుకున్నాను. ఫోన్లో ఇంగ్లీషు వార్తలు పెట్టుకుని, చదివే ఆమె వెనకే ఒక్క క్షణం ఆలస్యంగా నేనూ గొణుగుతూ ఉల్లిపాయలు తరిగేదాన్ని. పక్కింటి ఎస్తేరక్క వారం రోజులు చూసి, "మోహనా, ప్రార్థన చేయించేదా?" అనింది. వద్దక్కా, ఇది హోంవర్కు అన్నాను. ఆమె నమ్మలేదు.

మాకు పాఠం చెప్పే ప్రసన్నకుమారి మేడం ఒక్క విషయంలో మాత్రం కఠినం. "ముందు మాట మొత్తం వినండి. తర్వాత మొత్తం చెప్పండి. మధ్యలో ఉన్నవాళ్ళు ఉప్పు వేయకూడదు, తీయకూడదు. రోగి తిడితే ఆ తిట్టు డాక్టరుకు చేరాలి. చేరకపోతే ఆ రోగికి నోరు లేనట్టే," అనేది. ఆ మాట విన్న రోజు బస్సులో ఇంటిదాకా నాకు అత్తే గుర్తొచ్చింది.

సంగటి ముద్దలు చేస్తుంటే మా ఆయన కలం మూత పెట్టాడు. "శుక్రవారం అంటే ఆలోచించాల. ఆదివారాలు ఒక్కపూటకే వీళ్ళ నడమ నేను సచ్చినంత పనయ్యింది. ఉద్యోగమైతే దినామూ గదా. అమ్మకూ నాయనకూ నడమ ఎవురుంటారు? వద్దులే మే."

నాకు నవ్వొచ్చింది. అనుభవం లేదని రాసిన సిరా ఇంకా ఆరలేదు, నేను లేకపోతే ఇల్లు నడవదంటున్నాడు. నవ్వు వెనకే కోపమూ వచ్చింది. సరే, ఇంటర్వ్యూకు ముందు మేడం చెప్పినట్టు ఒకసారి సాధన చేద్దామనుకున్నాను.

వడ్డిస్తుంటే మామ మొదలుపెట్టాడు. "ముసలితనాన ఇంత పంతం పనికిరాదని చెప్పు మీ అత్తకి."

చెప్పాను, అచ్చంగా ఆయన గొంతుతో. అత్త ఉలిక్కిపడి నన్ను చూసింది. తర్వాత నోరు తెరిచింది. ఎప్పుడూ ఆమె పాత పంతం సంగతి మొదలెట్టగానే "అత్తకు ఒంట్లో బాగాలేదంట మామా" అని నేనే అడ్డుపడి సర్దేసేదాన్ని. ఈసారి చేతులు ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా విన్నాను. విన్నదంతా మామవైపు తిరిగి చెప్పాను.

"పెండ్లి మాటలప్పుడు, అమ్మి సదువు మాన్పించొద్దు, డిగ్రీ అయినాక తెచ్చుకుందాం అని నేనంటే, నలుగురి ముందర 'దీనికేం తెలుసు, పో లోపలికి' అనినావు. ఆ మాట ఎనక్కి తీసుకో. అంతదాకా నీతో మాట్లాడేది లేదు."

చెబుతుండగా నాకు తెలిసింది. ఆ అమ్మిని నేను. పద్నాలుగేళ్ళుగా నాకోసం అలిగిన మనిషి మాటను నేనే నొక్కిపెడుతూ వచ్చాను. మేడం మొత్తం చెప్పమంది కాబట్టి ఆగలేదు.

మామ చేతిలో ముద్ద కంచంలోకి జారింది. "నేనా? అట్ట అన్న గ్యాపకమే లేదని చెప్పు."

నేను నోరు తెరిచేలోపే అత్త శెనక్కాయల చాట పక్కకు నెట్టింది. "నీకు లేదా? నాకుండాది. ఆ పొద్దు నువ్వు కట్టుకున్న పంచె అంచుతో సహా ఉండాది."

మామ అలవాటుగా నావైపు చూశాడు, ఇప్పుడేమంటోంది అన్నట్టు.

"అత్త తెలుగులోనే మాట్లాడింది మామా," అన్నాను.

ఆ రోజు సంగటి చల్లారిపోయింది. పద్నాలుగేళ్ళ బాకీ మాటలు ఒక్క పూటలో ఎలా తీరతాయి? చివరికి మామ కంచంలోకి చూస్తూ, "అనింటే తప్పే," అన్నాడు. అత్త కొంగుతో ముఖం తుడుచుకుని, "శుక్రవారం అమ్మి పోతాది. నీకు కండవ కావాలంటే నన్నడుగు," అనింది. మా ఆయన ఎవరూ అడక్కుండానే లేచి కంచాలు తీశాడు.

శుక్రవారం ఆసుపత్రి వరండాలో కూచున్నాను. పది దాటాక మా ఆయన ఫోను. "పొద్దుణ్ణించి అమ్మా నాయనా ఒకటే పోట్లాట మే, నేరుగా. నన్నేం చేయమంటావు?"

"చెవుల్లో దూది పెట్టుకో," అని పెట్టేశాను. నా పేరు పిలవడానికి ఇంకా టైముంది. దరఖాస్తు బయటికి తీసి, ఆయన రాసిన "లేదు"ను అడ్డంగా కొట్టేశాను. దాని పైన పద్నాలుగేళ్ళు అని రాశాను. ఎక్కడ అన్నచోట మా ఇంటి డోరు నంబరు వేశాను. కింద ఇంకో గడి ఉంది, ఆ పని ఎందుకు మానేశారు అని.

"వాళ్ళకు మాటలొచ్చినాయి" అని రాసి సంతకం పెట్టాను.