కప్పల గుంటలో సాహ్తి

హిల్కా కుడి చెయ్యి విరగడానికి వేరే రోజే దొరకనట్టు, సరిగ్గా సాహ్తి పెట్టే వారంలో విరిగింది. జారింది మెట్ల మీదా కాదు, పడవ మీదా కాదు. ఇంటి వెనక బంగాళాదుంపల మడిలో, చదునైన నేల మీద. నొప్పి కన్నా ఆ అవమానమే ఆవిడను ఎక్కువ బాధపెట్టింది. ఇంకో పది రోజుల్లో ఆవిడ ఎనభయ్యో పుట్టినరోజు. సరస్సుకు ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఉన్నవాళ్లంతా వస్తారు. కాఫీ, కేకు ఎవరింట్లోనైనా ఉంటాయి. వాళ్లు వచ్చేది హిల్కా సాహ్తి కోసం. బార్లీ మాల్టులో కాస్త రై ధాన్యం కలిపి, వేడినీళ్లలో నానబెట్టి, ఘాటు వాసన వేసే జునిపర్ పొద కొమ్మలు పరిచిన చెక్క తొట్టిలో వడగట్టి, ఈస్టు వేసి పులియబెట్టే ఇంటి బీరు అది.

అలా ఆ పని కోడలు సైలా నెత్తిన పడింది. సైలాది సముద్రం ఒడ్డున రౌమా. అక్కడ బీరంటే కొట్లో కొనుక్కుని మూత తీసి తాగేదే. ఈ ఇంటికొచ్చి పన్నెండేళ్లయినా ఆ చెక్క తొట్టిని కడగనిచ్చారే గానీ, అందులో చెంబుడు నీళ్లు పొయ్యనివ్వలేదు. ఇప్పుడు హిల్కా పిండికట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుని హుకుములు జారీ చేసింది.

"పొయ్యమంటే గుమ్మరించడం కాదమ్మాయ్. పసిపిల్లకి తలంటినట్టు పొయ్యి."

సైలా అలాగే పోసింది. తొట్టి కింద నుంచి ఎర్రగా, చిక్కగా, తియ్యటి రసం కారింది. హిల్కా వేలితో అద్దుకుని నాకి, ఏమీ అనలేదు. ఆ ఇంట్లో ఏమీ అనలేదంటే బాగుందని అర్థం. మెచ్చుకోలు అంతకు మించి ఎప్పుడూ నోరు దాటి రాదు.

అసలు గండం ఎండ రూపంలో వచ్చింది. రెండు వారాలుగా వాన చుక్క లేదు, చల్లబడటానికి రాత్రి అన్నది పేరుకే ఉంది; వేసవిలో అక్కడ సరిగ్గా చీకటే పడదు. చల్లగా ఉండాల్సినవి దాచుకునే మట్టి నేలమాళిగ పైకప్పు వసంతంలోనే కూలింది. సాహ్తి చల్లగా, నింపాదిగా పులియాలి. వేడెక్కిందా, ఈస్టుకు పిచ్చి పట్టి పొంగిపోయి, బీరంతా రంగు డబ్బా వాసన వేస్తుంది. తాగినవాడికి మర్నాడు తల పగిలిపోతుంది.

"సౌనా పక్క గదిలో పెట్టు. మా అత్త అక్కడే పెట్టింది, నేనూ అక్కడే పెట్టాను," అంది హిల్కా. సరస్సు ఒడ్డున, చెట్ల నీడన ఉంటుంది ఆ సౌనా, అంటే ఆవిరి స్నానాల గుడిసె. లోపలి గదిలో రాళ్ల పొయ్యి, బయటి గదిలో స్నానానికి సిమెంటు నేల.

"వెనక పొదల్లో ఊట ఉంది కదా అత్తయ్యా. నీళ్లు జివ్వుమంటాయి. సాహ్తి క్యాన్లు అందులోకి దింపేద్దామా?"

"నా పుట్టినరోజు సాహ్తిని కప్పల గుంటలో పెడతావా? రౌమాలో అలాగే చేస్తారా?"

"రౌమాలో అసలు చెయ్యరత్తయ్యా."

"అది తెలుస్తూనే ఉంది."

సైలా రెండు పాల క్యాన్లలో ఉన్న సాహ్తిని స్నానాల గదిలో పెద్ద రేకు తొట్టిలో నిలబెట్టి, చుట్టూ నీళ్లు పోసి, తడి దుప్పట్లు కప్పింది. ఖాళీ పాల డబ్బాల్లో గడ్డకట్టించిన ఐస్ వేసింది. అది కరిగిపోయాక, ఫ్రీజరులో ఇంకేముందా అని వెతికి, నిరుటి లింగన్‌బెర్రీ పళ్ల సంచులూ, శీతాకాలంలో భర్త ఇల్పో పట్టిన చేపల సంచులూ తెచ్చి తొట్టిలో పడేసింది. గడ్డి కోత నుంచి వచ్చిన ఇల్పో తొంగి చూసి భార్యను అడిగాడు:

"బీరు పెడుతున్నావా, చేపల పులుసు పెడుతున్నావా?"

"ఏది కుదిరితే అది. నువ్వెళ్లి గడ్డి చూసుకో."

శనివారం మధ్యాహ్నానికి చేపలు కూడా మెత్తబడిపోయాయి. సైలా సైకిలేసుకుని పొరుగింటికి ఐస్ కోసం వెళ్లింది. తిరిగి వస్తుంటే ఒడ్డు పొడుగునా సౌనాల పొగగొట్టాల నుంచి పొగ లేస్తోంది. శనివారం సాయంత్రం సౌనా వెలిగించని ఇల్లు ఆ చుట్టుపక్కల ఉండదు. అందుకే చివరి పొగను చూసి కూడా పట్టించుకోకుండా తొక్కుతూ పోయింది. ఆ తర్వాత తట్టింది. ఆ పొగ తమ సౌనాదే.

సైకిలు గడ్డిలో పడేసి పరిగెత్తింది. తలుపు తియ్యగానే వేడి ముఖానికి కొట్టింది. లోపలి గదిలో పొయ్యి భగభగమంటోంది. తొట్టిలో నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. క్యాన్ల మూతలు టకటకమని ఎగురుతూ, నురగ పక్కల నుంచి కారుతోంది. బెంచీ మీద హిల్కా కూర్చుని ఉంది. ఒంటి చేత్తో క్యాను లాగబోయినట్టుంది, ఎడమ చెయ్యి భుజం దాకా తడిసిపోయింది.

"చెయ్యి విరిగినా కాళ్లు విరగలేదు కదే," అంది హిల్కా నేలకేసి చూస్తూ. "శనివారం అనేసరికి అవే నడిచొచ్చాయి. కట్టెలు పేర్చాను, అగ్గిపుల్ల గీశాను. ఇవి ఇక్కడున్నాయని పొయ్యి అంటుకున్నాక గానీ గుర్తురాలేదు. చేతులారా నేనే పాడుచేసుకున్నాను."

సైలాకు కోపం రాలేదంటే అబద్ధం. రెండు రోజులుగా కంటికి కునుకు లేకుండా కాపలా కాసింది ఆమె. కానీ ఈ ముసలావిడ ముఖంలో భయం ఇంతవరకు ఎన్నడూ చూడలేదు. దాన్ని చూశాక కోపం నిలవలేదు.

"పొయ్యిలో నీళ్లు కొట్టనా?"

"రాళ్లు పగుల్తాయి. ఆర్పినా గది చల్లబడేసరికి తెల్లారుతుంది." హిల్కా బెంచీ పట్టుకుని లేచింది. "కప్పల గుంట అన్నావే, దారి నాకు తెలుసు. కట్టెల బండి తే."

సైలా ఒక్కో క్యానునూ ఒంటి చక్రం బండిలోకి ఎత్తి తోసింది. హిల్కా పక్కన నడుస్తూ, మంచి చేత్తో మూత అదిమిపట్టుకుని, దారిలో ప్రతి గుంటనూ తిట్టింది. దురదగొండి ఆకులు సైలా కాళ్లను ఏకేశాయి. పొదల వెనక ఊట చుట్టూ కట్టిన పాత దుంగల చట్రం నాచు పట్టి ఉంది గానీ, ఇంకా గట్టిగానే ఉంది.

"ఇక్కడింత బాగా కట్టి ఉంటే, ఆ రోజు వద్దన్నారేం?" సైలా రెండో క్యాను దింపి, మెడ దాకా నీళ్లలో నిలబెట్టింది.

"నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు పాల క్యాన్లు ఇందులోనే దింపేదాన్ని. ఒకరోజు మూత సరిగ్గా పెట్టలేదు, కప్ప దూకింది. మా అత్త పోయేదాకా నన్ను దెప్పుతూనే ఉంది. అప్పట్నుంచీ ఈ గుంటంటే నాకు ఒళ్లు మంట."

సైలాకు నవ్వాగలేదు. హిల్కా గుర్రుగా చూసింది, తర్వాత ఆవిడకూ నవ్వొచ్చింది. ఇద్దరూ బూట్లు విప్పి చల్లటి నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. మూతల టకటక తగ్గింది. మధ్యమధ్యలో ఒకటి, తర్వాత ఎప్పుడో ఇంకొకటి. హిల్కా వంగి చెంపను క్యానుకు ఆనించింది. పాలు చల్లబడ్డాయా లేదా అని ఆవిడ ఎప్పుడూ అలాగే చూసేది.

"దిగింది," అంది కళ్లు మూసుకుని. "అమ్మయ్య, దిగిందే."

సైలా నాచు మీద వెల్లకిలా పడుకుని ఆకుల్లోంచి ఆకాశం చూసింది.

ట్రాక్టరు ఆగిన చప్పుడైంది. ఇల్పో పొదలు తోసుకుంటూ వచ్చాడు. "సౌనా వెలిగించిందెవరు? లోపల సాహ్తి ఉంది కదా!"

హిల్కా నోరు తెరిచింది. ఈలోగా సైలా అనేసింది: "నేనే. శనివారం కదా, మర్చిపోయి వెలిగించేశాను."

"ఇంత తెలివి రౌమా వాళ్లకే ఉంటుంది!" ఇల్పో పగలబడి నవ్వాడు. హిల్కా తెరిచిన నోరు మూసుకుంది. వేడెక్కిన సౌనాను వదిలెయ్యడం ఆ ఇంట్లో ఎవరి వల్లా కాదు కాబట్టి, ఆ సాయంత్రం ముగ్గురూ స్నానాలు కూడా చేశారు.

పుట్టినరోజు నాడు వాకిలంతా జనం. క్యాన్లు ఊట నుంచి నేరుగా వచ్చాయి. రెండు చెవుల చెక్క పాత్ర నింపి హిల్కా చేతికిచ్చారు. మొదటి గుక్క పెద్దవాళ్లది, తర్వాత అది చేతులు మారుతూ వాకిలంతా తిరుగుతుంది. ఈలోపు ఇల్పో కథ అందుకున్నాడు. సాహ్తి కింద మంట పెట్టిన పెళ్లాం గురించి చేపలతో సహా చెప్పాడు. అందరూ ఘొల్లుమన్నారు. సైలా కూడా నవ్వింది, చూపు మాత్రం నేల మీదే ఉంది. బీరు ఎలా కుదిరిందో ఆమెకింకా తెలియదు. భయంతో ఇంతవరకూ చుక్క కూడా రుచి చూడలేదు.

"చాల్లే ఆపరా," అంది హిల్కా. "సౌనా వెలిగించింది నేను."

ఇల్పో తల తిప్పి భార్యవైపు చూశాడు.

"ఊటలో పెడదామని ఇది మొదటి రోజే అంది. కప్పల గుంటని వెక్కిరించింది నేను. మంట పెట్టింది నేను. నీ ముందు నా పరువు పోకూడదని తన మీద వేసుకుంది ఇది. వారం రోజులు నోరు మూసుకున్నాను, ఇక నావల్ల కాదు." ఆవిడ అందరివైపూ తిరిగింది. "తాగండి. బాగుంటే దీనికి చెప్పండి. తలనొప్పొస్తే నా దగ్గరికి రండి."

పాత్రను తన పెదవులకు ఆనించుకోకుండానే కోడలి చేతుల్లో పెట్టింది. సైలా రెండు చెవులూ పట్టుకుని తాగింది. చల్లగా ఉంది. మంచి సాహ్తికి ఉండే అరటిపండు వాసన, వెనకాల జునిపర్ ఘాటు. రంగు డబ్బా వాసన లేనే లేదు.

"కప్ప గానీ ఉందా?" అడిగింది హిల్కా.

"లేదత్తయ్యా."

"అయితే వచ్చే ఏడు కూడా అక్కడే పెట్టు."