ఒళ్ళు తిమ్మిరి

గిన్నెలు తోముతుంటే పెదాల చుట్టూ చీమలు పాకినట్లయింది. చెయ్యి కడుక్కుని తుడుచుకున్నాను. చీమా లేదు, దోమా లేదు. కాసేపటికి వేలి కొసలూ అలాగే జివ్వుమన్నాయి. థైరాయిడ్ గ్రంథి తీసేసి వారమే అయింది. ఇంటికి పంపేటప్పుడే డాక్టరమ్మ చెప్పింది: "మీకు ముందునుంచీ విటమిన్ డి తక్కువ. ఇప్పుడు కాల్షియం కూడా పడిపోవచ్చు. తిమ్మిరి వస్తే మాత్రం ఆగకుండా వచ్చెయ్యండి."

ఆవిడ తప్పేం లేదు గానీ, మా ఇంట్లో తిమ్మిరంటే కొవ్వెక్కడమనే. "అత్తయ్యా, తిమ్మిరిగా ఉంది, ఆసుపత్రికెళ్ళాలి" అన్నానో లేదో, మా అత్తగారు కుర్చీలోంచి కదలకుండానే అందుకుంది. "ఉండదూ మరి! కూర్చోబెట్టి మేపితే ఎవరికైనా ఒళ్ళు తిమ్మిరెక్కుతుంది." కూర్చోబెట్టి మేపారట! ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే మెడకు కట్టుతో పొయ్యి ముందు నిలబడిందెవరో? మా ఆయన పకపకా నవ్వాడు. "బళ్ళో సుద్దముక్కలు బోలెడుంటాయిగా టీచరమ్మా, రెండు నమిలెయ్." ఆ రోజు ఆయన ఆఫీసువాళ్ళు భోజనానికొస్తున్నారు. "వాళ్ళు తిని వెళ్ళాక చూద్దాంలే" అన్నాడు.

సరేనని కత్తిపీట ముందు కూర్చున్నాను. వేళ్ళన్నీ దగ్గరకొచ్చి బిగుసుకుపోయాయి. ఎంత లాగినా విడిపోవే! ప్రాణం గుప్పిట్లోకొచ్చింది. ఆ భయంలోనూ నాకు ముందు తోచిందేమిటంటే, పొయ్యిమీద కూర మాడిపోతుందేమోనని. దాంతో నామీద నాకే ఒళ్ళు మండింది. రెండు మణికట్లతో ఎలాగో పొయ్యి ఆర్పేసి లేచాను.

"ఇప్పుడెక్కడికి? మరి వంటెవరు చేస్తారు?" వెనకనుంచి మా ఆయన.

"ఆకలేసినవాళ్ళు" అన్నాను. చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకొచ్చి ఆటో ఎక్కాను.

ఆసుపత్రిలో నరంలోకి కాల్షియం మెల్లగా ఎక్కిస్తుంటే వేళ్ళు ఒక్కొక్కటే విడివడ్డాయి. విప్పి చూసుకున్నాను, ముడిచి చూసుకున్నాను, మళ్ళీ విప్పాను. సంతోషం పట్టలేక ఏడ్చేశాను.

అంతలో "అందరిముందూ పరువు తీశావు" అని గొణుక్కుంటూ మా ఆయన వచ్చాడు.

"ఇంకాస్త ఆలస్యమైతే గుండెకే ముప్పొచ్చేది" అంది డాక్టరమ్మ. "సమయానికి తీసుకొచ్చారు, బతికించారు. ఇంతకీ ఈవిణ్ణి తీసుకొచ్చిందెవరు?"

మా ఆయన గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు. "నేనేనండీ, భర్తని."

ఆపరేషనైనప్పట్నుంచీ నా గొంతు బొంగురే. అయినా గదంతా వినబడేట్టు అన్నాను:

"కాదు డాక్టరుగారూ. నన్ను నేనే తెచ్చుకున్నాను."