లేని కాలికి బూటు

మేస్త్రి కుడిచేతి వేళ్ళను సాకెట్ లోపలికి పోనిచ్చి కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు అంచు వెంట మెల్లగా తిరిగాయి. తెగిన కాలు కూర్చునే గిన్నెలాంటిది సాకెట్. కింది గొట్టమూ పాదమూ ఎంత బాగా కుదిరినా, ఈ గిన్నె కుదరకపోతే మనిషి నాలుగడుగులు వేయలేడు. కంటికి లోపలంతా గాజులా నున్నగా ఉంది. వేళ్ళు మాత్రం పిక్క ఆనే చోట ఆగిపోయాయి. అక్కడ ఇసుక రేణువంత ఎత్తు ఉంది. గరుకు కాగితం ముక్కను చూపుడువేలికి చుట్టుకుని, కళ్ళు తెరవకుండానే రుద్దడం మొదలుపెట్టాడు.

ఆస్పత్రి వెనక రేకుల కప్పు కింద ఉంటుంది ఆ పనిగది. లోపలికి అడుగు పెట్టగానే తడి ప్లాస్టరు వాసన, దాని వెనకే కాలిన ప్లాస్టిక్కు వాసన ముక్కుకు తగులుతాయి. గోడ పొడవునా చెక్క అరల మీద తెల్లని ప్లాస్టరు అచ్చులు నిలబడి ఉంటాయి. ఒక్కో అచ్చు మీద నీలం పెన్సిలుతో రాత: వడ్రంగి, లెక్కల మాస్టారు, పెద్దాయన, పెద్దాయన బావమరిది. మేస్త్రికి పేర్లు గుర్తుండవు. కాళ్ళు గుర్తుంటాయి. వీధిలో ఎవరైనా పలకరిస్తే ముందు కిందికి చూస్తాడు, తర్వాత మొహంలోకి చూసి, "మోకాలి దగ్గర ఒరిపిడి తగ్గిందా?" అని అడుగుతాడు. ఆస్పత్రిలో అందరూ అతన్ని కాళ్ళ మేస్త్రి అంటారు. ఎంత పెద్దమనిషైనా ఆయన దగ్గరికి కాళ్ళు పట్టుకోవడానికే వస్తాడని వార్డుబాయ్ జోకు. "పట్టుకునేది నేనయ్యా, వాళ్ళవి," అంటాడు మేస్త్రి.

ఆ ఉదయం బల్ల మీదున్న సాకెట్ కండక్టరమ్మది.

ఆమె బస్సు కండక్టరు. నలభై దాటిన మనిషి, గొంతు కంచు. ఒకరోజు ఎక్కేవాళ్ళను లోపలికి జరుపుతూ మెట్టు మీద నిలబడి ఉండగా, పక్కనుంచి వచ్చిన లారీ బస్సును రాసుకుంటూ పోయింది. ఎడమ పాదం మెట్టుకూ వంగిన రేకుకూ మధ్య ఇరుక్కుంది. విడిపించేసరికి చాలాసేపయింది. ఆస్పత్రికి తెచ్చాక మోకాలి కింద తీసేయక తప్పలేదు. గాయం చక్కగా మానింది. మేస్త్రి కాలు కూడా చక్కగానే చేశాడు. కానీ ఆమె దాన్ని తొడుక్కోలేకపోతోంది. తొడిగి నిలబడగానే పళ్ళు బిగపట్టి, "తీసెయ్యండి, తీసెయ్యండి," అంటుంది.

ఎక్కడ నొప్పి అంటే, "వేళ్ళలో," అంటుంది.

మొదటిసారి ఆ మాట విన్నప్పుడు కండక్టరమ్మ తోడికోడలు మొహం తిప్పుకుంది. లేని వేళ్ళకు నొప్పేమిటి, ఉద్యోగానికి పోకుండా ఉండడానికి సాకు కాకపోతే, అన్నది ఆవిడ లోపలి మాట. మేస్త్రి మాత్రం వెంటనే నమ్మాడు. ఈ పనిలో చేరిన కొత్తలోనే, తెగిన కాలి మడమ దురద పెడుతోందని ఒక వంటాయన కన్నీళ్ళు పెట్టుకోవడం చూశాడు. నొప్పి ఉందని చెప్పేవాడి నోట ఉన్నంత నిజం ఇంకెక్కడా ఉండదని ఆ రోజే తేల్చుకున్నాడు. అయినా నమ్మడం వేరు, మందు తెలియడం వేరు. సాకెట్‌ను మూడుసార్లు సరిచేశాడు. ఇది నాలుగోసారి. రేణువంత ఎత్తు పోయింది. లోపల ఇంకేమీ లేదని వేళ్ళు చెప్పాయి. తప్పు గిన్నెలో లేదని అతనికి అర్థమైంది.

వేళ్ళను నమ్మడం అతనికి తల్లి నేర్పిన విద్య. ఆవిడ చెప్పుల ఫ్యాక్టరీలో బూట్ల పైతోలు కుట్టేది. బూటు పూర్తయ్యాక లోపల మేకు మొన గానీ దారపు ముడి గానీ తగులుతుందేమో చూడాలి. ఇంటికి తెచ్చుకున్న బూట్లలో కొడుకు చెయ్యి పెట్టించి, "కళ్ళు మూసుకుని చూడరా," అనేది. "కన్ను తనకు కావలసింది చూసుకుంటుంది. వేలికి అంత తెలివి లేదు. ఉన్నదే చెబుతుంది." ఆ చెయ్యి పెద్దదై, బూట్లను వదిలి కాళ్ళలోకి వచ్చింది. పెళ్ళిచూపుల్లో మామగారు ఉద్యోగమేమిటని అడిగితే, "జనాన్ని వాళ్ళ కాళ్ళ మీద నిలబెట్టడమండీ," అన్నాడట. మామగారు అతన్ని పెద్ద సంఘ సేవకుడనుకున్నాడు. అసలు సంగతి తెలిశాక కూడా పిల్లనిచ్చాడు. భార్య ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతుంది.

పదింటికి కండక్టరమ్మ వచ్చింది. రెండు చంకల కింద కర్రలు, కుడికాలికి డ్యూటీ నల్లబూటు. వెనకే ఫిజియో డాక్టరమ్మ కూడా వచ్చింది. వయసులో చిన్నదే అయినా, రోగి మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడని డాక్టరు.

"మేస్త్రిగారూ, ఈసారి కూడా కుదరకపోతే నన్ను డిపోలో కుర్చీకి కట్టేస్తారట," అంది కండక్టరమ్మ బెంచీ మీద కూర్చుంటూ. "కిటికీ దగ్గర కూర్చోబెట్టి పోగొట్టుకున్న గొడుగులు చూసుకోమంటారు. ఇరవై ఏళ్ళు జనాన్ని జరగండి జరగండి అని తోసినదాన్ని. గొడుగుల్ని ఎటు జరపను?"

"ఇవాళ నొప్పి ఎలా ఉందమ్మా?"

"అలాగే. వేళ్ళు అయిదూ కిందికి ముడుచుకుపోయి ఉన్నాయి. ఎవరో పిడికిలి బిగించినట్టు. తెరుద్దామంటే తెరుచుకోవు. లేని కాలి మీద అంత పెత్తనం నాకెక్కడిది?"

డాక్టరమ్మ స్టూలు దగ్గరికి లాక్కుంది. "మెదడులో మన ఒంటి పటం ఒకటి ఉంటుందండీ. కాలు పోయినా పటంలో కాలు అలాగే ఉంటుంది. అది కాలినుంచి కబురు కోసం ఎదురుచూస్తుంది. కొత్త కబురు రాదు. ఒక్కోసారి ఆఖరున వచ్చిన కబురునే పట్టుకుని కూర్చుంటుంది. మీకు ఆఖరున వచ్చింది ఆ మెట్టు మీద ఇరుక్కున్నప్పటిది."

"అయితే నా కాలు ఇంకా బస్సులోనే ఉందన్నమాట," అంది కండక్టరమ్మ.

"అద్దంతో ఒక పద్ధతి ఉంది. నేను ఇదివరకు పనిచేసిన చోట చూశాను. అందరికీ పనిచెయ్యదు. కొందరికి బాగా పనిచేస్తుంది. చేసి చూద్దామా?"

నడక గదిలో నిలువుటద్దం ఉంది. కొత్త కాలితో నడిచేవాళ్ళు తమ నడక చూసుకోవడానికి పెట్టింది. మేస్త్రి మరలు విప్పి దాన్ని చట్రం నుంచి తీశాడు. కండక్టరమ్మను కాళ్ళు చాపుకుని బెంచీ మీద కూర్చోమని, అద్దాన్ని అడ్డంగా ఆమె రెండు కాళ్ళ మధ్య నిలబెట్టాడు. ఒరిగిపోకుండా వడ్రంగి అచ్చునీ లెక్కల మాస్టారి అచ్చునీ చెరో పక్క ఆనించాడు. తెగిన కాలు అద్దం వెనక్కి పోయింది. అద్దంలో కుడికాలి నీడ ఎడమకాలిలా కనిపించింది. చాలా రోజుల తర్వాత కండక్టరమ్మకు రెండు పాదాలున్నాయి.

ఆమె చూస్తూ ఉండిపోయింది.

"అద్దంలోకే చూడండి. రెండు పాదాలూ కలిపి కదిలించండి," అంది డాక్టరమ్మ. "ముందుకూ వెనక్కూ."

నల్లబూటు కదిలింది. అద్దంలో బూటూ కదిలింది. కండక్టరమ్మ నుదుటి మీద చెమట పట్టింది. కాసేపటికి తల అడ్డంగా ఊపింది. "చీలమండ కదిలినట్టే ఉంది డాక్టరమ్మా. వేళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. వాటికి చోటు లేదు."

మేస్త్రి నేల మీద గొంతుకూర్చుని అద్దంలోకి చూస్తున్నాడు. చోటు లేదు అన్న మాట దగ్గర అతని ఆలోచన ఆగింది.

"అమ్మా, ఆ రోజు కాలికి ఏముంది?"

"ఏముంటుంది? డ్యూటీ బూటే. దీని జత."

"అది ఎవరు తీశారు?"

కండక్టరమ్మ ఆలోచించింది. "ఏమో. నాకు మళ్ళీ తెలివొచ్చేసరికి కాలే లేదు."

మేస్త్రి డాక్టరమ్మ వైపు చూశాడు. ఆమె కళ్ళు అప్పటికే పెద్దవయ్యాయి. "తియ్యండి మేస్త్రిగారూ," అంది మెల్లగా. "మెల్లగా తియ్యండి. అమ్మా, మీరు అద్దం నుంచి చూపు తిప్పకండి."

మేస్త్రి కుడికాలి బూటు తాడు ముడి విప్పాడు. ఒక్కో రంధ్రం నుంచీ తాడును వదులు చేసుకుంటూ వచ్చాడు. అద్దంలో మరో బూటు తాడు వదులయింది. బూటు నాలుకను ముందుకు లాగాడు. మడమ కింద అరచెయ్యి పెట్టి, నిద్రపోతున్న పిల్ల కాలి నుంచి తీసినట్టు బూటు జారదీశాడు. తర్వాత మేజోడు అంచు పట్టుకుని కిందికి మడుస్తూ లాగేశాడు. పాదం బయటపడింది. మేజోడు గీతలు చర్మం మీద ఎర్రగా ఉన్నాయి.

"ఇప్పుడు వేళ్ళు తెరవండి. రెండు కాళ్ళవీ."

కుడిపాదం వేళ్ళు విసనకర్రలా విచ్చుకున్నాయి. అద్దంలో ఎడమ వేళ్ళు కూడా విచ్చుకున్నాయి.

కండక్టరమ్మ చేతులు బెంచీ అంచును గట్టిగా పట్టుకుని ఉన్నవి, ఒక్కో వేలూ సడలి, ఒళ్ళో పడ్డాయి.

"గాలి తగులుతోంది," అంది. కంచు గొంతు ఎక్కడికి పోయిందో, మాట గాలిలాగే వచ్చింది. "వేళ్ళ మధ్య గాలి తగులుతోంది మేస్త్రిగారూ. చల్లగా ఉంది."

ఆమె ఏడ్చింది. ఎక్కువసేపు కాదు. ఏడుస్తూనే వేళ్ళు ముడిచింది, తెరిచింది, ముడిచింది, తెరిచింది. కొత్తగా దొరికిన ఆట వస్తువులా. డాక్టరమ్మ జేబురుమాలు ఇస్తే తీసుకుని, "ఇన్నాళ్ళూ బూటుతోనే పడుకున్నానన్నమాట," అంది.

నొప్పి మళ్ళీ రావచ్చని, ఇంట్లో రోజూ అద్దం పెట్టుకుని చెయ్యాలని డాక్టరమ్మ చెప్పింది. కండక్టరమ్మ తలూపింది. మధ్యాహ్నం సాకెట్ తొడుక్కుని రెండు కడ్డీల మధ్య నిలబడింది. మేస్త్రి సాకెట్ అంచు కింద వేలు పెట్టి చూశాడు. సరిగ్గా కూర్చుంది. మొదటి అడుగు భయంగా వేసింది. ఆ చివరికి వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు కడ్డీ మీద చెయ్యి ఆనిందే గానీ పట్టుకోలేదు. ఎదురుగా కర్రతో వస్తున్న పెద్దాయనతో, "జరగండి, జరగండి, లోపల ఖాళీ ఉంది," అంది. గది మొత్తం నవ్వింది. ఆ గొంతు విని మేస్త్రికి కడుపు నిండింది.

సాయంత్రం అతను ఇల్లు చేరేసరికి వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. భార్య మందుల దుకాణం నుంచి వచ్చి వంటింట్లో ఉంది. తల్లి కిటికీ పక్క మంచం మీద, దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎనభై దాటింది. చక్కెర జబ్బు పాదాల్లో స్పర్శను ఎప్పుడో తీసుకుపోయింది. కాళ్ళు ఉన్నాయి, కాళ్ళ కబురు లేదు. చెప్పు జారిపోయినా తెలియదు గనక, నడిచినంతసేపూ కిందికి చూసుకుంటూ నడుస్తుంది. ఎవరైనా జాలిపడితే, "వయసులో తల ఎత్తుకునే తిరిగాను, ఇప్పుడు కాస్త దించితే ఏం పోయింది," అంటుంది. రెండు వారాలుగా మంచం దిగడమే తగ్గించింది. గుండె బాగా అలిసిపోయిందని డాక్టరు చెప్పాడు. డాక్టరు కంటే ముందు ఆవిడే చెప్పింది ఆ సంగతి.

"ఏరా, ఇవాళ ఎంతమందిని నిలబెట్టావు?"

"ఒక్కరినే అమ్మా."

"ఒక్కరికి ఇంత ఆలస్యమా?"

అతను మంచం చివర కూర్చుని బూటు సంగతంతా చెప్పాడు. భార్య గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి వింది. తల్లి కళ్ళు మూసుకుని వింది. తాడు విప్పిన చోట ఆవిడ వేళ్ళు దుప్పటి మీద కొంచెం కదిలాయి.

"కుట్టినవాళ్ళకు తెలుస్తుందిరా," అంది చివరికి. "బూటు వేసుకోవడం కాదు, విప్పడమే సుఖం. పాపం, విప్పేవాళ్ళు లేకపోయారు."

"కాళ్ళు చల్లబడ్డాయేమో చూడండి," అంది భార్య. "పొద్దుట్నుంచీ అత్తయ్య దుప్పటి కప్పుకోనంటున్నారు."

పాదాలు నిజంగానే చల్లగా ఉన్నాయి. మేస్త్రి వంటింట్లోకి వెళ్ళి రబ్బరు సంచిలో వేడినీళ్ళు నింపాడు. తల్లి పాదాలకు కాలినా తెలియదు గనక, సంచిని ముందు తన ముంజేతికి ఆనించుకున్నాడు. కాస్త చన్నీళ్ళు కలిపాడు. మళ్ళీ ఆనించుకుని, తువ్వాలు చుట్టి తెచ్చాడు. రెండు పాదాల మధ్య పెట్టి దుప్పటి కప్పాడు.

"హాయిగా ఉందిరా," అంది తల్లి.

"తెలుస్తోందా?"

"నువ్వు పెట్టడం చూశానుగా."

అతను నవ్వాడు. ఆవిడ కూడా నవ్వి, తల కిటికీ వైపు వాల్చింది. భార్య పిలిస్తే వెళ్ళి, పై అరలో ఉన్న పెద్ద గిన్నె దించి ఇచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. తిరిగొచ్చి దుప్పటి కింద చెయ్యి పెట్టి, అలవాటుగా తల్లి పాదం పట్టుకున్నాడు.

పాదం వెచ్చగానే ఉంది. కానీ అతని చెయ్యి ఆగిపోయింది. స్పర్శ పోయిన పాదంలో కూడా పట్టుకున్న చేతికి జవాబు ఒకటి ఉంటుంది, కండలో చిన్న బిగువు. ఇన్నేళ్ళలో ఏ పాదమూ ఆ జవాబు చెప్పకుండా అతని చేతిలో ఉండలేదు. కళ్ళు మూసుకున్నాడు. అరికాలి పొడవునా బొటనవేలితో మెల్లగా రాశాడు. మడమ దగ్గర ఆగి, కాసేపు అలాగే ఉన్నాడు. వేళ్ళు ఉన్నదే చెప్పాయి.

లేచి తల్లి ముఖం దగ్గరికి వెళ్ళాడు. పెదాల చివర ఆ నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. నుదుటి మీద జుట్టు సరిచేశాడు.

"ఇలా రా," అన్నాడు వంటింటి వైపు.

భార్య పొయ్యి ఆపి వచ్చింది. అతని మొహం చూసి, మంచం వైపు చూసి, "అత్తయ్యా," అంది ఒక్కసారి. తర్వాత నేల మీద కూర్చుని మంచం పట్టీకి తల ఆనించింది. మేస్త్రి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. బయట ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు.

"నొప్పేమీ పడలేదు," అన్నాడు అతను. "ఇప్పుడే. నాతో మాట్లాడుతూనే."

దుప్పటిని పైకి లాగి సరిచేయబోతే కింది అంచు తొలగింది. కదలని రెండు పాదాల మధ్య, తువ్వాలు చుట్టిన ఎర్ర రబ్బరు సంచి, లోపలి నీళ్ళు ఓసారి కదిలి నిమ్మళించి, ఇంకా వెచ్చగానే ఉంది.