ఈరేశు మాట వినే షట్టర్

ఎమ్మిగనూరులో ఉమామహేశ్వర కొత్త ఇల్లు కట్టి ఏడు నెలలైంది. ఆ ఇంట్లో అతని భార్య శివలీలకు నచ్చినవి చాలా ఉన్నాయి. నిలబడి వండుకునే గట్టు, ఎప్పుడు తిప్పినా నీళ్లొచ్చే కుళాయి, మధ్యాహ్నం కూడా చల్లగా ఉండే నడిమి గది. నచ్చనిది ఒక్కటే, కారు షెడ్డుకు బిగించిన ఇనుప షట్టర్. చేత్తో లాగే రకం కాదది. రిమోట్ నొక్కితే గరగరమంటూ తనంతట తానే దిగుతుంది, తనంతట తానే ఎక్కుతుంది. ఆ గరగర చెవిన పడితే చాలు, చేతికి జొన్నపిండి అంటుకుని ఉన్నా, పొయ్యి మీద పాలు పొంగుతున్నా వదిలేసి కొడుకు ఎక్కడున్నాడో చూసుకోవడానికి పరుగెత్తేది. అత్త ఉరుకుందమ్మ అది చూసి నవ్వేది. ఇంట్లో పులిని కట్టేసినట్టు చేస్తాండావు గదే అనేది.

శివలీల కొడుకు ఈరేశుకు రెండున్నరేళ్లు. షట్టర్ అంటే వాడికి ప్రాణం. దానికి కారణం తండ్రే.

షట్టర్ బిగించినవాళ్లు దానికి అటూ ఇటూ గోడలకు, జానెడెత్తులో, రూపాయి బిళ్లంత అద్దాలు రెండు పెట్టిపోయారు. వాటిని కళ్లంటారు. ఆ రెంటి మధ్య ఏదైనా అడ్డమొస్తే దిగుతున్న షట్టర్ ఆగి మళ్లీ పైకి పోతుంది. కళ్లు పనిచేస్తున్నంతసేపూ పక్కన చిన్న ఎర్రదీపం వెలుగుతూ ఉంటుంది. గృహప్రవేశం నాడు ఉమామహేశ్వర చుట్టాలందరి ముందూ షట్టర్ కింద కాలు చాపి చూపించాడు. అది ఆగి పైకి పోయింది. చూసినవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ ఉత్సాహంలో కొడుకును తెచ్చి దిగుతున్న షట్టర్ కింద నిలబెట్టి, పైకి పొమ్మని చెప్పరా అన్నాడు. ఈరేశు రెండు చేతులూ ఎత్తి "పైకి పో" అన్నాడు. షట్టర్ పైకి పోయింది.

ఆనాటి నుంచి ఇంత పెద్ద ఇనుము తన మాట వింటుందని వాడికి గట్టి నమ్మకం. నాయన సాయంత్రం కారు తెచ్చి షెడ్డులో పెట్టగానే పోయి షట్టర్ కింద నిలబడాలి, చేతులెత్తాలి, దాన్ని పంపించాలి. శివలీల వద్దని మొత్తుకుంటే, నా కొడుకంటే ఇనుముకు గూడా భయమే అని ఉమామహేశ్వర మీసం మీద చెయ్యేసేవాడు.

ఉరుకుందమ్మ ప్రతి శుక్రవారం గడపలకు పసుపు రాస్తుంది. కారు దాటే చోటు మాత్రం గడప కాదా అని షట్టర్ దిగే బండకూ, రెండు వైపులా గోడలకూ జానెడు మేర పసుపు పూసి బొట్లు పెట్టేది. అది తప్పని ఎవరికీ తోచలేదు. ఆషాఢంలో ఒక శుక్రవారం పసుపు చిక్కగా కలిసింది. అద్దాల మీద మందంగా పట్టి ఎండిపోయింది.

మరునాడు పొద్దున షట్టర్ మొండికేసింది. ఎన్నిసార్లు నొక్కినా కాస్త దిగడం, మళ్లీ ఎక్కడం. ఉమామహేశ్వరకు విత్తనాల అంగడి ఉంది. ఆరోజు ఆదోని నుంచి లోడు వస్తోంది. షెడ్డు బార్లా తెరిచి పోలేడు. పక్క వీధిలో కరెంటు పని చేసే ఏసేపును పిలిపించాడు. ఏసేపు ఫ్యాన్లూ బోరు మోటార్లూ విప్పడంలో గట్టివాడే గానీ, ఇట్లాంటి షట్టర్లు ఊళ్లో ఒకటో రెండో. పసుపు సంగతి ఆయనకూ తట్టలేదు. కళ్లు కాలిపోయాయనుకున్నాడు. పెట్టె విప్పి, కళ్లతో పని లేకుండా రెండు తీగలు కలిపాడు. షట్టర్ బుద్ధిగా కిందికి దిగింది.

ఉమామహేశ్వర ఫోన్‌లో లారీ డ్రైవరుతో మాట్లాడుతూ తల ఊపాడు. వంటింటి తలుపు దగ్గర నిలబడిన శివలీల మాత్రం ఏసేపు చెప్పింది పొల్లుపోకుండా విన్నది.

"కొత్త కళ్లు కర్నూలు నుంచి తెప్పియ్యాలప్పా. అంతవరకు దానికి మనిషైనా మానైనా ఒగటే. అడుగున ఎవుర్నీ పోనీయద్దండి."

ఒకవేళ ఎవరైనా పోతే ఎట్లాగని శివలీల అడిగింది. రిమోట్ ఉన్నవాళ్లు ఆపాలని, లేకుంటే ఈ తలుపు పక్కనున్న మెయిన్ స్విచ్ కిందికి లాగేయాలని, కరెంటు పోతే అది యాడిదాడ నిలబడుతుందని ఏసేపు చెప్పాడు.

ఆ రాత్రి అన్నం పెడుతూ మొగుడికి చెప్పింది. ఎర్రదీపం ఆరిపోయి ఉందని, కొత్త కళ్లు వచ్చేదాకా పిల్లవాడితో ఆ ఆట ఆడించవద్దని. ఉమామహేశ్వర నవ్వాడు.

"తొమ్మిదో తరగతి చదివి మోటార్ల గురించి నాకు చెప్తాండావా? కండ్లు పోతే ఏమి, బరువు తగిలితే దానికే తెలుస్తాది. నిలబడతాది."

తెలుస్తుందేమో. శివలీల రూఢిగా కాదనలేకపోయింది. మోటారు సంగతి తనకేం తెలుసు? కానీ ఏసేపు అన్న మాట చెవిలోంచి పోలేదు. మనిషైనా మానైనా ఒకటే.

మూడు రోజులు ఆమెకు అదే పని. వంటింట్లోంచి షెడ్డులోకి పోయే తలుపుకు గడియ పెట్టడం, కాసేపటికి మళ్లీ వచ్చి తడిమి చూసుకోవడం. కొడుక్కి తల అంటుతుంటే చెయ్యి వాడి మెడ మీద పడింది. బొటనవేలూ చూపుడువేలూ చాపితే సగం మెడ అందులోనే ఇమిడిపోయింది. చెంబు అక్కడే పెట్టి వాణ్ని తడిఒంటితోనే పొదివి పట్టుకుంది. వాడు విదిలించుకుని నవ్వాడు.

నాలుగో రోజు సాయంత్రం ఉరుకుందమ్మ కూరకు గుమ్మడికాయ కావాలని షెడ్డులోకి పోయింది. చేలో కాసిన కాయలు అక్కడే మూలన పోసి ఉన్నాయి. ఒకటి తెచ్చుకుని, చేతులు రెండూ ఖాళీ లేక తలుపు వేయడం మరిచింది. శివలీల మిద్దె మీద ఆరిన బట్టలు తీస్తోంది. కింద కారు హారన్ మోగింది. షట్టర్ పైకి లేచిన గరగర వినిపించింది. తలుపుకు గడియ ఉందిలే అనుకుంటూనే బట్టలు జారవిడిచి మెట్లు దిగింది.

గడియ లేదు. తలుపు తెరిచే ఉంది.

కారు లోపలికి వచ్చి ఆగి ఉంది. షెడ్డు వెడల్పంతా కారే. దాని అవతల, వీధి వెలుగులో, ఈరేశు బండ మీద నిలబడి రెండు చేతులూ ఎత్తి ఉన్నాడు. పైన షట్టర్ దిగుతోంది. కారు అద్దాలు ఎత్తి ఉన్నాయి, లోపల పాట మోగుతోంది. ఉమామహేశ్వర రిమోట్ చేతిలో పట్టుకుని పక్క అద్దంలో కొడుకును చూసుకుంటూ నవ్వుతున్నాడు.

శివలీల అరిచింది. అరుపు గరగరలో కలిసిపోయింది. కాళ్లు కొడుకు వైపే లాగాయి. కారుకూ గోడకూ మధ్య సందులో ఒళ్లు ఇరికించుకుని పోవాలి. పోయేలోపల అది దిగిపోతుంది. కొడుకు అక్కడుంటే తల్లి మొహం తిప్పి గోడ వైపు పోవడం ఎంత కష్టమో ఆ క్షణం ఆమెకు తెలిసింది. కళ్లు వాడి మీదే పెట్టి, చెయ్యి గోడ మీద తడిమి, మెయిన్ కిందికి లాగేసింది.

గరగర ఆగింది.

షట్టర్ అంచు ఈరేశు ఎత్తిన వేళ్లకు బెత్తెడు పైన నిలిచి ఉంది. వాడు మొహం విప్పార్చుకుని తల్లి వైపు చూశాడు. "నిలబడింది" అన్నాడు. తన మాట విన్నదని వాడి గర్వం. ఉమామహేశ్వర కారు తలుపు తీసి, చూసినావా, నేను చెప్పలేదా అన్నాడు. ఇంట్లోంచి ఉరుకుందమ్మ కరెంటు పోయిందని కేకేసింది.

అప్పుడు వేసింది శివలీలకు అసలైన భయం. తండ్రీ కొడుకులిద్దరి నమ్మకమూ ఇప్పుడు రెట్టింపయింది. రేపు మళ్లీ వాడు అక్కడే నిలబడతాడు.

సందులోంచి దూరిపోయి కొడుకును ఎత్తుకొచ్చి అత్త చేతికిచ్చి, వదలొద్దని చెప్పింది. మూలనున్న కాయల్లో పెద్దది దొర్లించుకుంటూ పోయి, వాడు నిలబడిన బండ మీదే పెట్టింది. వెనక్కొచ్చి మెయిన్ ఎత్తింది. ఇంట్లో ఫ్యాను తిరగడం మొదలైంది. ఉమామహేశ్వర ఆ ఫ్యానును చూశాడు, మెయిన్ మీదున్న ఆమె చేతిని చూశాడు.

"నువ్వు తీసినావా?"

"ఇప్పుడు నొక్కు" అంది శివలీల.

అతను నొక్కాడు. షట్టర్ దిగింది. కాయను తాకింది. తాకినట్టు దానికి తెలియలేదు. కాయ కిర్రుమంది, పెటిల్లున పగిలింది, గింజలు కారు చక్రాల దాకా చెదిరాయి. తొక్కంతా బండకు అదుముకుపోయాక గానీ ఆ గరగర ఆగలేదు.

 ఈరేశు అవ్వ చంకలోంచి జారడానికి గింజుకుంటున్నాడు.

"నన్ను దించు. నేను చెప్తే పైకి పోతాది."

ఉమామహేశ్వర ఉన్నచోటే గొంతుక్కూర్చున్నాడు. రిమోట్ చేతిలోంచి పడిపోయింది.

"నేనే నేర్పిస్తి కదే వానికి" అన్నాడు.

మరునాడు ఏసేపు వచ్చి, కళ్లు మరోసారి చూద్దామని తడిగుడ్డతో అద్దాలు తుడిచాడు. గుడ్డకు పసుపు అంటింది, ఎర్రదీపం వెలిగింది. ఆయన తీగలు విడదీసి మొదట ఉన్నట్టే కలిపాడు. పసుపు బండ వరకేనని, గోడల జోలికి పోవద్దని ఉరుకుందమ్మకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. నెలకొకసారి, మొదటి ఆదివారం, ఉమామహేశ్వర ఆ అద్దాలు తుడిచి, షట్టర్ గొలుసుకు గ్రీజు పెట్టి, దాని కింద ఇటుక నిలబెట్టి నొక్కి చూస్తాడు. అది ఆగి పైకి పోతుంది. అయినా దాన్ని నమ్మి కింద ఎవరూ నిలబడరు.

ఆ పని మధ్యాహ్నం ఈరేశు నిద్రపోయాకే చేస్తారు. షట్టర్ చెవిటిదని, ఎవరి మాటా వినదని వాడికి రోజూ చెబుతున్నారు. వాడింకా పూర్తిగా నమ్మలేదు. ఒగసారి చెప్పి చూస్తా అని అప్పుడప్పుడు అడుగుతూనే ఉంటాడు. అందుకే ఆదివారం కింద గరగర మొదలవగానే, శివలీల నిద్రపోతున్న కొడుకు పక్కన కూర్చుని, అది మళ్లీ పైకి పోతున్న చప్పుడు వినపడకుండా వాడి చెవులు రెండు అరచేతులతో మూస్తుంది.