పగ్గం పట్టిన చేతులు

గుర్రాల్ని సాకే మా తోటి సాయిసు నికనోర్ ఛాతీ మీద గుర్రం తన్నినప్పుడు నేను పక్క కొట్టంలో దాణా కలుపుతున్నాను. వెళ్లి చూస్తే గడ్డిలో వెల్లకిలా పడి ఉన్నాడు. నోటి పక్కన నెత్తురు. మా ట్రైనర్ గ్రేడీ పరుగున వచ్చాడు. వచ్చి, వంగి, గుర్రం కాలు తడిమాడు.

"దీనికేం దెబ్బ తగల్లేదుగా?" అని నన్నడిగాడు.

అయిదు నిమిషాల్లో గుర్రాల డాక్టరు వచ్చాడు. అంబులెన్సు రాలేదు. అది రెండు వందల గజాల దూరంలో, ట్రాక్ పక్కన, తెల్లగా కనిపిస్తూనే ఉంది. స్వారీ చేసేవాళ్ల కోసం అది అక్కడ ఉండి తీరాలి. అది ట్రాక్ గేటు దాటితే పొద్దుటి పరుగులన్నీ ఆపెయ్యాలి. ఆ రోజు యజమానులు బైనాక్యులర్లు పట్టుకుని తమ గుర్రాలను చూసుకోవడానికి వచ్చారు. పరుగులు ఆపుతారా మరి? నికనోర్‌ను గ్రేడీ పికప్ బండి వెనక, గడ్డి మోపుల మధ్య పడుకోబెట్టి తీసుకుపోయాం. ఆసుపత్రి మలుపు దగ్గర నా చొక్కా పట్టుకున్న అతని చెయ్యి జారిపోయింది. పద్దెనిమిదేళ్లు గుర్రాల కాళ్లకు పట్టీలు కట్టిన చెయ్యి. నేను ఏడ్చాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

నాలుగో రోజున పందేల సంఘం మనిషి ఒకడు మా క్యాంటీన్‌కు వచ్చాడు. సూటు వేసుకుని, చేతిలో రంగుల పుస్తకం పట్టుకున్నాడు. శనివారం పెద్ద పందేనికి శాసనసభ్యులు వస్తున్నారట. పందేల వల్ల కెంటకీ రాష్ట్రానికి ఎంత లాభమో వాళ్లకు చూపిస్తే పన్ను రాయితీ నిలుస్తుందట.

"గడ్డి పండించే రైతు దగ్గర్నుంచి హోటల్లో గిన్నెలు తోమేవాడి దాకా అరవై వేల మంది దీని మీద బతుకుతున్నారు. అందులో మీరూ ఉన్నారు," అన్నాడు. "మీలో ఇద్దరు ముందుకొచ్చి, పందేలే మాకు అన్నం పెడుతున్నాయని చెప్తే చాలు."

నికనోర్ భార్య ఫెర్మినా వెనక బల్ల దగ్గర కూర్చుని ఉంది. పరిగెత్తి వచ్చిన గుర్రాలను ఒళ్లు చల్లారేదాకా నడిపించడం ఆమె పని. ఈ దేశంలో ఉండడానికి ఆమెకు కాగితాలు లేవు.

"మా ఆయన ఉన్నాడా అయ్యా అందులో?" అంది. "ఉంటే ఆ లెక్కలోంచి ఒకడ్ని కొట్టెయ్యండి."

సంఘం మనిషి పుస్తకం మూసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అదే క్యాంటీన్‌లో మేమంతా కూడాం. మొక్కజొన్న రొట్టెలు ఎవరి ముందువి వాళ్ల ముందే చల్లారిపోయాయి.

"నోరు మూసుకుంటే మంచిది," అన్నాడు అందరికంటే పాత సాయిసు బౌదిలియో. "ఆ రాయితీ పోతే పందేలు పోతయ్. పందేలు పోతే మన కూడు పోద్ది."

"పందేలు ఆపెయ్యమని ఎవరన్నారు బాబాయ్? కొట్టాల దగ్గర ఇంకో అంబులెన్సు పెట్టమంటున్నాం, అంతేగా," అన్నాను.

"నీకేంరా, వీసా ఉంది. మాట్లాడతావ్."

"అది గ్రేడీ ఇప్పించిన వీసా. వాడు పొమ్మంటే నా బతుకూ అంతే."

ఫెర్మినా లేచింది. "గుర్రాల వల్ల రాష్ట్రం బతుకుతోందంట. మరి గుర్రాలు ఎవరి వల్ల బతుకుతున్నాయో అది కూడా చెప్పాలిగా ఆ పుస్తకంలో," అంది. గురువారం పనిలోకి ఎవరూ వెళ్లకూడదని అప్పుడు తీర్మానించాం.

అక్కడే తప్పు చేశాం. గురువారం పొద్దున చేతులు కట్టుకుని బయట నిలబడ్డాం. స్వారీ చేసేవాళ్లు మాతో లేరు కనుక గుర్రాలు పరిగెత్తి వచ్చాయి. ఒళ్లంతా చెమట, ఆవిర్లు. అలా వచ్చిన గుర్రాన్ని నడిపించకుండా కట్టేస్తే కండలు బిగుసుకుపోతాయి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. మేము చూస్తూ నిలబడ్డాం. ముందు కదిలింది ఫెర్మినాయే. వెళ్లి పగ్గం అందుకుంది. ఆమె వెనక మేమంతా. మా సమ్మె ఇరవై నిమిషాలు కూడా నిలవలేదు.

గ్రేడీ నవ్వాడు. "నాకు తెలుసు. మీరు గుర్రాల్ని వదల్లేరు."

ఫెర్మినా తల ఎత్తలేదు. కానీ బౌదిలియో తను నడిపిస్తున్న గుర్రాన్ని ఆపి, మా వైపు తిరిగాడు.

"నిజమేగా వాడన్నది. వదలం," అన్నాడు. "శనివారం ఎవ్వడికీ వదలొద్దు. పందేనికి తోలుకెళ్లేది ఎవడు? మనమేగా. మేపుదాం, నీళ్లు పెడదాం, నడిపిద్దాం. ట్రాక్ గేటు మాత్రం దాటించొద్దు."

శనివారం శాసనసభ్యులు పై వరండాలో కూర్చున్నారు. మైకు పిలిచింది, పెద్ద పందెం గుర్రాలు రావాలని. ఒక్కటీ రాలేదు. నూట పది మందిమి, కొట్టాల చుట్టూ గుర్రాలను నడిపిస్తూనే ఉన్నాం. మైకు మళ్లీ పిలిచింది. గ్రేడీ వచ్చి ఒక పగ్గం లాక్కోబోయాడు. గుర్రం చెవులు వెనక్కి పెట్టేసరికి తనే వెనక్కి తగ్గాడు.

తర్వాత పోలీసులు వచ్చారు. ఎవరు చూపించారో గానీ, నేరుగా ఫెర్మినా దగ్గరకే వెళ్లారు. పగ్గం వదలమన్నారు.

"వదిలితే నిన్నే తొక్కుద్ది నాయనా. ఆగు, మనిషికి అప్పజెప్పనీ," అంది. పగ్గం నా చేతిలో పెట్టింది. "ఎడమ వెనక కాలు నొప్పిగా ఉంది దీనికి. మెల్లగా తిప్పు తమ్ముడూ." అంతే. తన రెండు చేతులూ తనే ముందుకు చాపింది.

నన్ను పట్టుకున్నప్పుడు నేను పగ్గం బౌదిలియోకి ఇచ్చాను. ఆయన ఇంకొకరికి ఇచ్చాడు. ముప్పై నలుగురిని తీసుకెళ్లేసరికి బండ్లు నిండిపోయాయి. ఆ రోజు పెద్ద పందెం జరగలేదు.

మమ్మల్ని వదిలేశారు. వేరే సాయిసులు దొరక్క గ్రేడీ నన్నింకా పొమ్మనలేదు. ఫెర్మినాను పదకొండో రోజున సరిహద్దు దాటించారు. భర్త సమాధి ఇక్కడే ఉంది, ఆమె అక్కడ. రెండో అంబులెన్సు ఇంతవరకూ రాలేదు. పై శనివారం మళ్లీ పందేలున్నాయి. నిన్న క్యాంటీన్‌లో పేర్లు రాసుకున్నాం, ఎవరి తర్వాత ఎవరు పగ్గం అందుకోవాలో. మొదటి పేరు నాది. నా తర్వాత నూట ఎనిమిది పేర్లున్నాయి.