శనివారం చీటీలు

ప్రతి ఆదివారం పొద్దున్నే మా ఆయన చరిత్రకారుడైపోతారు. ఆ అవతారానికి నాలుగు జేబుల చొక్కా ఒకటి ఉంది. దాన్ని ఇస్త్రీ చేసేది నేను. మిగిలిన ఆరు రోజులూ ఆయన బీమా ఆఫీసులో సెక్షన్ హెడ్డు. ఇంటి ముందు కారెక్కి ఆఫీసు ముందు దిగే మనిషి. ఆదివారం మాత్రం ఓ పదిహేను మందిని వెంటేసుకుని మా పేటంతా కాలినడకన తిప్పి చూపిస్తారు.

ఆయనకి ఈ పేట ఎలా తెలిసిందంటారా? కూరగాయలకీ, మందులకీ, అత్తగారి కళ్ళజోడుకీ, ఆయన చెప్పులు కుట్టించడానికీ పంతొమ్మిదేళ్ళుగా ఈ సందుల్లో అరిగిన కాళ్ళు నావి. గొడుగులు బాగుచేసే ముసలాయన కొట్లో ఇప్పుడు ఖరీదైన కాఫీ ఎందుకమ్ముతున్నారో, మెట్ల కింద మిషను పెట్టుకున్న దర్జీ ఆవిడ ఖాళీ చెయ్యమన్నా ఎందుకు కదల్లేదో వాళ్ళు నాకే చెప్పారు. ఓసారి భోజనాల దగ్గర నేను అవన్నీ చెబుతుంటే మా ఆయన ముద్ద ఆపి మరీ విన్నారు. నా మాటలు అంత శ్రద్ధగా వినడం పెళ్ళయ్యాక అదే మొదలు. పిచ్చిదాన్ని, మురిసిపోయాను. మర్నాడు ఆఫీసులో ఆ కబుర్లన్నీ తను కనిపెట్టినట్టే చెప్పుకున్నారట. అవన్నీ చూపించమని వాళ్ళడిగితే ఆదివారం నడకలు మొదలెట్టారు.

అప్పటినుంచీ ఇదీ పద్ధతి. శనివారం నేను ఆ దారంతా ఒకసారి నడిచి, ఏది మూసేశారో, ఏది కూల్చారో చూసొచ్చి, మలుపుకో చీటీ చొప్పున రాసి వరసగా గుచ్చి ఇస్తాను. ఆదివారం ఆయన వాటిని అరచేతిలో పెట్టుకుని చదువుతారు. నేను టీ ఫ్లాస్కు మోసుకుంటూ అందరి వెనకా నడుస్తాను. "మా ఆవిడ. తనకి వీటి మీద ఆసక్తి లేదు లెండి, తోడుగా వస్తుంది" అని పరిచయం చేస్తారు. అందరూ నాకేసి జాలిగా నవ్వుతారు.

మొన్న శనివారం ఆడపడుచు కుటుంబమంతా దిగింది. పదిమందికి వంట. ఈసారి చూసి రావడం కుదరదన్నాను. "పాత చీటీలున్నాయిగా, వారంలో ఏం మారిపోతుంది? ఊరికే తిరగడానికి నీకదో సాకు" అన్నారాయన. ఆదివారం నడకకి ప్రచురణకర్త ఒకావిడ వస్తోందనీ, నచ్చితే ఈ కబుర్లన్నీ పుస్తకంగా వేస్తుందనీ, దాని మీద తన పేరుంటుందనీ వాళ్ళక్కగారికి చెబుతుంటే వంటింట్లోంచి విన్నాను. ఒళ్ళు మండిపోయింది. అయినా ఉల్లిపాయలు తరుగుతూనే ఉన్నాను.

ఆదివారం మూడో మలుపు దాకా బాగానే నడిచింది. నాలుగో సందులోకి తిప్పి, చీటీలోకి చూస్తూ, ఎడమవైపు కనిపిస్తున్నది ఎనభై ఏళ్ళనాటి లాండ్రీ అనీ, నీలం తలుపులు గమనించమనీ చెప్పారు. అందరూ అటు తిరిగారు. అక్కడ పెద్ద గొయ్యి తప్ప ఏమీ లేదు. ఆయన తలెత్తకుండా లోపలి రాగి కాగుల గురించి చెప్పుకుపోతూనే ఉన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు మాత్రం ఆ లాండ్రీ నడిపే ఆవిడ గుర్తొచ్చింది. నాతో చెప్పకుండా వెళ్ళిపోయే మనిషి కాదు. శనివారం వస్తానని నాకోసం చూసే ఉంటుంది.

నవ్వు విని ఆయన తలెత్తారు. గొయ్యి చూశారు. సందు చివర దారి మూసేస్తూ అడ్డంగా పాతిన రేకులు చూశారు. మొహం కందగడ్డ చేసుకుని అందరిమధ్యా నామీద పడ్డారు.

"ఇది కూల్చారని చూసి రాయొద్దూ? ఈ ఒక్క పనైనా సరిగ్గా చెయ్యలేవా నువ్వు?"

ప్రచురణకర్త ఆయన చేతిలో చీటీల వంక చూసి, నా వంక చూసింది.

"ఇవన్నీ మీరు రాసినవాండీ?"

"రాత తనదే. నేను చెబుతుంటే రాసిపెడుతుంది" అని ఆయన నవ్వేశారు. సిగ్గూ ఎగ్గూ లేని ఆ నవ్వు చూస్తే అసహ్యమేసింది. ఇలాంటి మనిషి మెప్పు కోసమా నేను వారం వారం నడిచింది అనిపించింది.

"సరే, ఇక్కణ్ణించి బయటికి ఎటు వెళ్ళాలి?" అని ఆవిడ ఆయన్నే అడిగింది. ఆయన రేకుల వైపు చూశారు, కుడివైపు సందు చూశారు, చీటీలు రెండుసార్లు తిరగేశారు. చివరికి నా పక్కకొచ్చి ఎవరికీ వినపడకుండా, "ఎటే?" అన్నారు.

నేను ప్రచురణకర్త వైపు తిరిగి అందరికీ వినపడేలా చెప్పాను.

"పుస్తకం మీద ఈయన పేరు వెయ్యకండి. ఇక్కణ్ణించి సొంత ఇంటికి వెళ్ళే దారి కూడా ఈయనకి తెలీదు."